ఒకటో బేస్ దగ్గర ఎవరూ లేరు

యాంకీస్ ఓడిపోతే ఏడ్చేవాళ్ళు తక్కువ. అమెరికాలో మిగతా ఊళ్ళన్నిటికీ అదొక చిన్నపాటి పండగ. 27 సార్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు. బేబ్ రూత్ మొదలుకొని డెరెక్ జీటర్ దాకా గోడల నిండా పటాలు వేలాడదీసుకున్న జట్టు. హెమింగ్వే రాసిన ముసలి జాలరి కథ చదివినవారికి డిమాజియో పేరు గుర్తుండే ఉంటుంది. నడిసముద్రంలో చేపతో పెనుగులాడుతూ ఆ ముసలాయన తలుచుకునేది ఈ యాంకీస్ ఆటగాణ్ణే. అంత గొప్పవాళ్ళు మట్టి కరుస్తుంటే చూసేవాళ్ళకు సరదాగా ఉండదూ మరి!

అయినా ఏడ్చేవాళ్ళం మేమూ కొందరం ఉన్నాం. హడ్సన్ నదికి ఇవతల, న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల, ఉద్యోగాలకని వచ్చి ఇళ్ళు కొనుక్కుని ఉండిపోయిన తెలుగువాళ్ళం. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని మాకు ఈ ఆట ఆఫీసులో అంటుకుంది. మొదట ఏమీ అర్థం కాలేదు, తర్వాత కొంచెం కొంచెంగా అర్థమైంది, చివరికి వదల్లేకపోయాం. కాబట్టి ఇది ఇంటివాడి శోకం. ఇంటివాడి శోకంలో తిట్లు కూడా ఉంటాయి, ఓర్చుకోవాలి.

యాంకీస్ ఆఖరిసారి గెలిచింది 2009లో, బ్రాంక్స్‌లో కొత్త స్టేడియం తెరిచిన ఏడాదే. ఆ తర్వాత పద్నాలుగు సీజన్లు వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. 2022లో ఆరన్ జడ్జ్ 62 హోమ్ రన్లు కొట్టి అమెరికన్ లీగ్ రికార్డు బద్దలుకొట్టాడు, అయినా తొక్కలేదు. 2023లోనైతే ప్లేఆఫ్స్‌కే రాలేదు. ఆ డిసెంబర్లో శాన్ డియేగోకు అయిదుగురు ఆటగాళ్ళను ఇచ్చి, ట్రెంట్ గ్రిషమ్‌తో పాటు హువాన్ సోటోను తెచ్చుకున్నారు. కాంట్రాక్టులో ఇంక ఒక్క సీజనే మిగిలుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. పెళ్ళివారిల్లు సందడిగా ఉన్నప్పుడు అప్పుల మాట ఎవరూ ఎత్తరు కదా, మేమూ ఎత్తలేదు.

సోటోది డొమినికన్ రిపబ్లిక్. తన ఇరవై ఒకటో పుట్టినరోజు నాటికే వాషింగ్టన్ తరఫున వరల్డ్ సిరీస్ ఆడుతున్నాడు. ఆ సిరీస్ గెలిచాడు కూడా. నచ్చని బంతిని వదిలేసి, కాళ్ళు మట్టిలో జాడించి, విసిరినవాడి కళ్ళలోకి చూసి నవ్వుతాడు. పొగరే, కానీ చూడముచ్చటైన పొగరు. 2024లో అతను 41 హోమ్ రన్లు, అతని వెనక బ్యాటింగ్‌కి వచ్చే జడ్జ్ 58. ఇద్దరూ వరసగా వస్తుంటే ఎదుటి పిచర్ ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. జట్టు 94 ఆటలు గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. అక్టోబర్ 19న క్లీవ్‌లాండ్‌లో పదో ఇన్నింగ్స్, రెండు ఔట్లు, ఇద్దరు బేస్‌ల మీద. సోటో బంతి మీద బంతి ఫౌల్ కొట్టి కొట్టి చివరికొకటి కంచె దాటించాడు. 5-2. పదిహేనేళ్ళ తర్వాత యాంకీస్ వరల్డ్ సిరీస్‌లో అడుగుపెట్టారు. మా అబ్బాయి ఆ రాత్రి 22 నంబరు చొక్కా విప్పకుండానే నిద్రపోయాడు.

ఎదుట డాడ్జర్స్. 1957 దాకా వాళ్ళూ న్యూయార్క్ జట్టే, బ్రూక్లిన్‌లో ఆడేవారు. లాస్ ఏంజెలిస్‌కి వెళ్ళిపోయి ఆ ఊరివాళ్ళయ్యారు. పాలివాళ్ళ పగ. ఈ రెండు జట్లూ వరల్డ్ సిరీస్‌లో అంతకుముందు పదకొండుసార్లు తలపడ్డాయి, ఆఖరిసారి 1981లో. ఈసారి వాళ్ళ వైపు షోహే ఒహ్తానీ, మూకీ బెట్స్, కుడి చీలమండ బెణికి కుంటుతున్న ఫ్రెడ్డీ ఫ్రీమన్.

అయిదో ఆట గురించే అందరూ మాట్లాడతారు. నిజానికి రోగం మొదటి రాత్రే బయటపడింది. అక్టోబర్ 25, లాస్ ఏంజెలిస్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 2-1 ముందున్నారు. ఒహ్తానీ గోడకు కొట్టాడు, రెండో బేస్‌కి చేరాడు. సోటో విసిరిన బంతిని గ్లేబర్ టోరెస్ పట్టుకోలేకపోయాడు. అది పక్కకు దొర్లింది, ఒహ్తానీ మూడో బేస్‌కి నడుచుకుంటూ వెళ్ళాడు. తర్వాత బెట్స్ గాల్లోకి ఒకటి లేపితే చాలింది, స్కోరు సమం. అక్కడ గ్లవ్‌లోకి రావలసిన బంతి వచ్చి ఉంటే పదో ఇన్నింగ్సే ఉండేది కాదేమో.

పదో ఇన్నింగ్స్ వచ్చింది. యాంకీస్ మళ్ళీ 3-2 ముందుకెళ్ళారు. ఇక ఇద్దరు ఔటైతే... అన్న చోటికి వచ్చేసరికి కథ నెస్టర్ కోర్టెస్ చేతిలో పడింది.

కోర్టెస్ గురించి కాస్త ఆగి చెప్పాలి. క్యూబాలో పుట్టి ఫ్లోరిడాలో పెరిగాడు. 2013లో యాంకీస్ అతణ్ణి 36వ రౌండ్‌లో తీసుకున్నారు, అంటే దాదాపు ఎవరికీ అక్కర్లేని చోట. వేగం లేదు, ఎత్తు లేదు, గుబురు మీసం మాత్రం ఉంది. రకరకాల కోణాల్లో చెయ్యి తిప్పి, ఒక్కోసారి విసరబోయి ఆగి మళ్ళీ విసిరి, పెద్ద పెద్ద బ్యాటర్లను బోల్తా కొట్టించేవాడు. 2022లో ఆల్‌స్టార్ అయ్యాడు. స్టేడియంలో అతనికి పడే చప్పట్లు జడ్జ్‌కి పడేవాటి లాంటివి కావు, మేనల్లుడికి కొట్టే చప్పట్లు. మోచేతి గాయంతో సెప్టెంబర్ 18 తర్వాత మైదానంలో దిగలేదు. ఆ మనిషిని, ఫైనల్ మొదటి రాత్రి, పదో ఇన్నింగ్స్‌లో, ఒహ్తానీ ముందు నిలబెట్టారు.

మొదటి బంతికి ఒహ్తానీ ఔటయ్యాడు. అలెక్స్ వెర్డూగో పరిగెత్తుకెళ్ళి పట్టుకుని, ఆ ఊపులో ప్రేక్షకుల్లోకి పడిపోయాడు. ఫీల్డర్ అలా కంచె దాటి పడితే బేస్‌ల మీదున్న వాళ్ళు తలా ఒక బేస్ ముందుకెళ్ళాలని నియమం. ఖాళీగా మిగిలిన ఒకటో బేస్‌కి బెట్స్‌ను కావాలని పంపించి, కుంటికాలి ఫ్రీమన్‌తో ఆడదామనుకున్నారు. కోర్టెస్ రెండో బంతి విసిరాడు. ఫ్రీమన్ బ్యాట్ పైకెత్తి పట్టుకుని నిలబడిపోయాడు, పరిగెత్తే తొందరేమీ లేదు. నలుగురూ ఇంటికొచ్చే గ్రాండ్ స్లామ్. 6-3. వరల్డ్ సిరీస్ చరిత్రలో ఆట ముగించిన గ్రాండ్ స్లామ్ అంతకుముందు ఎవరూ కొట్టలేదు. కోర్టెస్ ఆ రాత్రి విసిరింది రెండే బంతులు.

రెండో ఆట 4-2, మూడో ఆట 4-2, రెండూ వాళ్ళకే. వరల్డ్ సిరీస్‌లో 0-3 నుంచి లేచి గెలిచిన జట్టు ఇంతవరకూ లేదు. దాని ముందు మెట్టు, లీగ్ ఫైనల్లో మాత్రం ఒకే ఒక్కసారి అలా జరిగింది, 2004లో. బోస్టన్ గెలిచింది. అప్పుడు మూడు గెలిచి నాలుగు ఓడినవాళ్ళు ఎవరని అడగకండి.

నాలుగో ఆట మాది. ఆంథొనీ వోల్పీ గ్రాండ్ స్లామ్ కొట్టాడు. న్యూజెర్సీలో పెరిగిన కుర్రాడు, చిన్ననాటి నుంచీ యాంకీస్ భక్తుడు. అలాంటివాడు సొంత మైదానంలో వరల్డ్ సిరీస్‌లో గ్రాండ్ స్లామ్ కొట్టడమంటే సినిమాలో పెట్టినా అతి అంటారు. 11-4. అదే ఆటలో మా అభిమానులిద్దరు చేసిన పని మాత్రం చెప్పుకోడానికే సిగ్గు. మొదటి ఇన్నింగ్స్‌లో బెట్స్ కంచె దగ్గర క్యాచ్ పడితే, అతని చెయ్యి పట్టుకుని గ్లవ్‌లోంచి బంతి లాగేశారు. స్టేడియంలోంచి వాళ్ళను బయటికి పంపారు. ఇంకా గట్టి శిక్ష వేసినా నేను బాధపడేవాణ్ణి కాదు.

ఇక అక్టోబర్ 30.

మొదటి ఇన్నింగ్స్‌లోనే జడ్జ్ రెండు పరుగుల హోమ్ రన్. సిరీస్ అంతా చప్పబడిపోయిన మనిషి, అప్పుడు నిద్రలేచాడు. వెంటనే జాజ్ చిజమ్ మరొకటి. రెండో ఇన్నింగ్స్‌లో ఇంకొక పరుగు. మూడో ఇన్నింగ్స్‌లో జియాంకార్లో స్టాంటన్ హోమ్ రన్. 5-0. ఇటు గెరిట్ కోల్ విసురుతున్నాడు. నాలుగు ఇన్నింగ్స్ అయ్యాయి, డాడ్జర్స్‌కి ఒక్క హిట్ లేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఫ్రీమన్ కొట్టినదాన్ని జడ్జ్ వెనక్కి పరిగెత్తి, ఎగిరి, గోడకు గుద్దుకుంటూ పట్టుకున్నాడు. అప్పటికే నాలో కాలిఫోర్నియా టికెట్ల ధరల లెక్క మొదలైంది.

కోల్ ఎవరో కూడా చెప్పాలి. కాలిఫోర్నియా వాడే, కానీ పుట్టుకతో యాంకీస్ పిచ్చి. 2001 వరల్డ్ సిరీస్‌లో, అరిజోనాలో, నేడూ రేపూ ఎప్పుడూ యాంకీస్ అభిమానినేనని రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డ పదకొండేళ్ళ పిల్లవాడి ఫోటో పత్రికల్లో పడింది. ఆ పిల్లవాడే కోల్. 2019 డిసెంబర్లో తొమ్మిదేళ్ళకు 32.4 కోట్ల డాలర్లతో యాంకీస్‌తో సంతకం పెట్టినప్పుడు అదే అట్ట పత్రికలవాళ్ళ ముందుకు తెచ్చి చూపించాడు. 2023లో లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. జట్టులో ఆట గురించి అందరికంటే ఎక్కువ ఆలోచించేవాడని పేరు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

అయిదో ఇన్నింగ్స్. కికే హెర్నాండెజ్ ఒక సింగిల్ కొట్టాడు. మొదటి హిట్. పోనీలే అనుకున్నాం. టామీ ఎడ్మన్ కొట్టిన బంతి నేరుగా సెంటర్ ఫీల్డ్‌లో జడ్జ్ దగ్గరికి వెళ్ళింది. నడిచి వెళ్ళి పట్టుకునే క్యాచ్. ఆరున్నర అడుగుల పైన ఉన్న మనిషి, గోడలెక్కి పట్టుకున్నవాడు, ఒక్క క్షణం బేస్ మీదున్నవాడి వైపు చూపు తిప్పాడేమో, బంతి గ్లవ్‌కి తగిలి కింద పడింది. విల్ స్మిత్ కొట్టింది షార్ట్‌స్టాప్‌లో వోల్పీ దగ్గరికి వచ్చింది. వోల్పీ మూడో బేస్‌కి విసిరాడు. బంతి నేలకు తగిలి లేచింది, చిజమ్‌కి అందలేదు. ముందురాత్రి వీరుడు ఇరవై నాలుగు గంటలు తిరక్కముందే ఇలా. బేస్‌లు నిండిపోయాయి, ఒక్కరూ ఔట్ కాలేదు.

ఇక్కడ కోల్ చేసింది మరిచిపోకూడదు. గావిన్ లక్స్‌ను స్ట్రైకౌట్ చేశాడు. ఒహ్తానీని స్ట్రైకౌట్ చేశాడు. తోటివాళ్ళ తప్పులు రెండు తన భుజాన వేసుకుని, ఇద్దరిని పడగొట్టి, గట్టున పడబోతున్నాడు. ఇంకొక్కడు చాలు. బెట్స్ బ్యాట్ తిప్పాడు. తగిలీ తగలనట్టు తగిలింది. బంతి గిర్రున తిరుగుతూ నెమ్మదిగా ఒకటో బేస్ వైపు దొర్లింది. ఆంథొనీ రిజ్జో వంగి పట్టుకున్నాడు. సెప్టెంబర్ ఆఖర్లో రెండు వేళ్ళు విరిగినా ఆడుతున్న మనిషి. పట్టుకుని, బంతి ఇవ్వడానికి చూశాడు.

ఒకటో బేస్ దగ్గర ఎవరూ లేరు.

క్రికెట్‌లో సింగిల్‌కి పరిగెత్తితే బౌలర్ వెనక్కి వచ్చి వికెట్ల దగ్గర నిలబడతాడు చూడండి, విసిరిన బంతి అందుకోడానికి. బేస్‌బాల్‌లో దానికి సమానమైన పని ఇది. బంతి కుడివైపు దొర్లితే పిచర్ ఒకటో బేస్‌కి పరిగెత్తాలి. ఎనిమిదేళ్ళ పిల్లలకు నేర్పుతారు. కోట్లు సంపాదించే పెద్దవాళ్ళ చేత కూడా ప్రతి ఫిబ్రవరిలో ఫ్లోరిడా ఎండలో మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. కోల్ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. చెయ్యి చాపి రిజ్జో వైపు, బేస్ వైపు చూపించాడు, నువ్వే వెళ్ళు అన్నట్టు. రిజ్జో పరిగెత్తాడు. బెట్స్ ముందే చేరిపోయాడు.

ఆ రోజుల్లో అమ్మ మా ఇంట్లోనే ఉంది, విజిటర్ వీసా మీద వచ్చి. ఆటలో ఓనమాలు తెలియవు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, “ఏరా, ఆ అబ్బాయి పరిగెత్తడేం?” అంది. జవాబు చెప్పలేదు. మూడు కోట్ల మంది అడిగే ప్రశ్నకు నేనేం చెప్పను?

5-1. తర్వాత ఫ్రీమన్ ఇద్దర్ని ఇంటికి తెచ్చాడు, 5-3. టెయోస్కార్ హెర్నాండెజ్ ఇంకో ఇద్దర్ని తెచ్చాడు, 5-5. రెండు ఔట్ల తర్వాతే ఇదంతా. చేతికందిన ముద్ద నోటికి రాలేదు.

స్కోరు రాసేవాళ్ళ పద్ధతి ఒకటి విచిత్రంగా ఉంటుంది. జడ్జ్ వదిలింది తప్పు అని రాశారు. వోల్పీ విసిరింది తప్పు అని రాశారు. కోల్ పరిగెత్తకపోవడాన్ని ఏమీ రాయలేదు, రాయడానికి గడి లేదు. పుస్తకంలో అది బెట్స్ కొట్టిన సింగిల్. పైగా ఆ అయిదు పరుగులూ ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవని లెక్కగట్టారు కాబట్టి పిచర్ ఖాతాలో పడవు. వందేళ్ళ తర్వాత ఎవరైనా ఆ పుస్తకం తీసి చూస్తే, కోల్ ఆ రాత్రి నిర్దోషిగా కనిపిస్తాడు.

కర్ణుడికి పరశురాముడిచ్చిన శాపం తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నేర్చిన విద్య అక్కరకొచ్చే వేళకు గుర్తుకురాదు. ఆ రాత్రి పడుకోబోతూ నాకు తట్టింది అదే, తట్టినందుకు కాస్త ఊరట కూడా కలిగింది. శాపమైతే ఎవరి తప్పూ లేదు కదా. తెల్లారాక ఆ ఊరట నిలవలేదు. కోల్‌ను ఎవరూ శపించలేదు. బంతి ఎంత జోరుగా వస్తోందో అంచనా తప్పిందని, తప్పు కోణంలో పరిగెత్తానని, ఆట అయ్యాక అతనే మామూలు మాటల్లో చెప్పాడు. నాకైతే ఆ మాట కూడా పూర్తి నిజం చెప్పదు. ఆ జట్టు ఏడాది పొడుగునా అలాగే ఆడింది. బేస్‌ల మధ్య అజాగ్రత్తగా పరిగెత్తడం, చేతిలోకి వచ్చిన బంతి జారవిడవడం, ఎక్కడికి విసరాలో తేల్చుకోలేకపోవడం. జడ్జ్, సోటో కలిసి దాదాపు వంద హోమ్ రన్లు కొడుతుంటే అవన్నీ మురిపాల పిల్లవాడి అల్లరిలా కనిపించాయి. డాడ్జర్స్‌కి అలా కనిపించలేదు. వాళ్ళ పిచర్ జో కెల్లీ సిరీస్ అయ్యాక నోటికొచ్చినంత ఎద్దేవా చేశాడు, ఇది సరిజోడు పోరే కాదన్నాడు. గెలిచినవాడు అంత మాట అనకూడదు. అన్నది అబద్ధం కాదు, అదే బాధ.

ఆ తర్వాత జరిగింది తొందరగా చెప్పేస్తాను. కోల్ మళ్ళీ వచ్చి ఏడో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్ల దాకా విసిరాడు, మొత్తం 108 బంతులు. ఆ మొండితనానికి దండం పెట్టాలి. ఆరో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 6-5తో మళ్ళీ ముందుకెళ్ళారు కూడా. ఎనిమిదిలో డాడ్జర్స్ బేస్‌లు నింపేశారు. గాల్లోకి ఒక బంతి, ఒక పరుగు. ఒహ్తానీ బ్యాట్ తిప్పుతుంటే క్యాచర్ ఆస్టిన్ వెల్స్ గ్లవ్ అడ్డొచ్చింది, ఒహ్తానీకి ఉచితంగా ఒకటో బేస్. మళ్ళీ గాల్లోకి ఒక బంతి, ఇంకో పరుగు. 7-6. తొమ్మిదిలో, రెండు రోజుల ముందే మూడో ఆట మొదలుపెట్టి విసిరిన వాకర్ బ్యూలర్ వచ్చి వరసగా ముగ్గుర్ని పంపించేశాడు. వరల్డ్ సిరీస్ గెలిపించే ఆటలో అయిదు పరుగుల వెనకబాటు నుంచి లేచి గెలిచిన జట్టు అంతకుముందు లేదు. ఫ్రీమన్ అయిదు ఆటల్లో 12 పరుగులు ఇంటికి తెచ్చాడు. 1960లో బాబీ రిచర్డ్‌సన్ పేరిట ఉన్న రికార్డుకు సమానం. రిచర్డ్‌సన్ యాంకీస్ వాడే. 1960లో కూడా యాంకీస్ ఓడిపోయారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. శీతాకాలం మిగిలి ఉంది.

ఆట ముగిసిన మూడో రోజున కోల్ తన కాంట్రాక్టు నుంచి బయటికొచ్చే హక్కు వాడుకున్నాడు. ఇంకో ఏడాది, ఇంకో 3.6 కోట్లు కలిపితే యాంకీస్ ఆపుకోవచ్చు. వాళ్ళు కలపలేదు. రెండు రోజులు గడిచాక, అసలేమీ జరగనట్టు, మిగిలిన నాలుగేళ్ళు 14.4 కోట్లకే ఉండిపోయేందుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. అట్ట పట్టుకున్న పిల్లవాడి కథకు ఈ అధ్యాయం ఎవరూ కోరుకోలేదు.

సోటో ఉండలేదు. ఏజెంట్ స్కాట్ బోరస్ నెలరోజులు అన్ని జట్లనూ తిప్పాడు. డిసెంబర్ 8 రాత్రి వార్త వచ్చింది. పదిహేనేళ్ళు, 76.5 కోట్ల డాలర్లు. వెళ్ళింది ఎక్కడికో కాదు, క్వీన్స్‌కి, మెట్స్‌కి. వంతెన దాటితే వచ్చే ఊరు. యాంకీస్ ఇస్తామన్నది పదహారేళ్ళకు 76 కోట్లని పత్రికలు రాశాయి. స్టేడియంలో కుటుంబం కూర్చోడానికి ప్రత్యేక గది ఉచితంగా ఇవ్వమంటే జడ్జ్ కూడా డబ్బు కట్టుకుంటాడని యాంకీస్ కాదన్నారనీ, మెట్స్ సరేనన్నారనీ రాశాయి. మా ఊళ్ళో ఆ వారమంతా అదే చర్చ. కృతఘ్నుడన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏడేళ్ళలో మూడు జట్లు మారిన మనిషి, అందులో రెండుసార్లు తన ప్రమేయం లేకుండా వేరే జట్టుకు ఇచ్చేసిన మనిషి, నాలుగోసారి తనే ఎంచుకుంటే అందులో ద్రోహమేముంది? మా అబ్బాయికి మాత్రం ఈ న్యాయశాస్త్రం పనికిరాలేదు. “నాన్నా, అక్కడా 22 నంబరేనట” అన్నాడు, అంతే. చొక్కా ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

చేతులు కాలాక ఆకులు మొదలయ్యాయి. మాక్స్ ఫ్రీడ్‌కి ఎనిమిదేళ్ళు, 21.8 కోట్లు. ఎడమచేతి పిచర్‌కి అంత డబ్బు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. షికాగో నుంచి కోడీ బెలింజర్. ఒకటో బేస్‌కి పాల్ గోల్డ్‌స్మిత్, అక్కడ ఫీల్డింగ్‌లో నాలుగు గోల్డ్ గ్లవ్‌లు అందుకున్నవాడు. టోరెస్ డెట్రాయిట్ వెళ్ళిపోయాడు. రిజ్జోను వదిలేశారు, అతను మళ్ళీ మేజర్ లీగ్‌లో ఆడలేదు. న్యాయంగా చెప్పాలంటే ఫీల్డింగ్ సంగతి యాజమాన్యం పట్టించుకోలేదనలేం. అయినా అలవాటు అనేది బజార్లో కొనే సరుకు కాదు.

ఆట ముగించే పిచర్ కావాలని మిల్వాకీ నుంచి డెవిన్ విలియమ్స్‌ను తెచ్చారు. బదులుగా ఇచ్చినవాళ్ళలో కోర్టెస్ ఉన్నాడు. ఆ రెండు బంతులే యాంకీస్ చొక్కాలో అతని కథను తేల్చేశాయని ప్రజలు అనుకున్నారు. అంతకంటే ఘోరం ముందుంది. 2025 మార్చి 29న, సీజన్ మొదలైన వారంలోనే, మిల్వాకీ తరఫున అదే బ్రాంక్స్ మైదానంలో కోర్టెస్ ఆట ప్రారంభించాడు. మొదటి బంతిని గోల్డ్‌స్మిత్ కంచె దాటించాడు. రెండో బంతిని బెలింజర్. మూడో బంతిని జడ్జ్. మూడు బంతులు, మూడు హోమ్ రన్లు. ఆ రోజు యాంకీస్ 20-9తో గెలిచారు, తొమ్మిది హోమ్ రన్లు కొట్టారు. స్టేడియం ఊగిపోయింది. నేను కూడా లేచి అరవాలి కదా, మా జట్టే కదా కొట్టింది. అరవలేకపోయాను. మేనల్లుణ్ణి ఇంటికి పిలిచి వీధిలో కొట్టినట్టుంది.

అప్పటికే మూలిగే నక్క మీద తాటిపండు పడి ఉంది. మార్చిలో కోల్ మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ జరిగింది. 2025లో అతను ఒక్క బంతి కూడా విసరలేదు. అంటే ఆ ఒకటో బేస్‌కి మళ్ళీ పరిగెత్తి చూపించే అవకాశం ఏడాదంతా రాలేదు. ఇంకో సంగతి: 1970లలో అప్పటి యజమాని జార్జ్ స్టైన్‌బ్రెన్నర్ పెట్టిన గడ్డాల నిషేధాన్ని అతని కొడుకు హాల్ ఆ ఫిబ్రవరిలో ఎత్తేశాడు. చక్కగా కత్తిరించుకున్న గడ్డమైతే పర్వాలేదన్నారు. పత్రికల్లో దీని మీద కోల్ మోచెయ్యి కంటే ఎక్కువ సిరా ఖర్చయింది.

మే 16న సోటో మెట్స్ చొక్కాలో యాంకీస్ స్టేడియానికి వచ్చాడు. ఏడాది క్రితం ఏ కుడిమూల గ్యాలరీకి అతను ప్రతి ఆట మొదట్లో వంగి నమస్కారం చేసేవాడో, ఆ గ్యాలరీవాళ్ళే అతను ఫీల్డింగ్‌కి రాగానే వీపులు తిప్పి నిలబడ్డారు. బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు ఊరంతా ఊళలు వేస్తుంటే హెల్మెట్ తీసి తల వంచాడు, నవ్వాడు. ఆ సన్నివేశంలో పెద్దమనిషిగా కనిపించింది సోటోయే. చేదు మాట, కానీ అంతే.

2025లో యాంకీస్ మళ్ళీ సరిగ్గా 94 ఆటలే గెలిచారు. టొరంటో కూడా 94 గెలిచింది, ముఖాముఖి లెక్కలో డివిజన్ వాళ్ళకు పోయింది. తొలి రౌండ్‌లో బోస్టన్‌ను ఓడించారు. ఆ తర్వాత అదే టొరంటో చేతిలో 10-1, 13-7. మూడో ఆటలో 6-1 వెనకబడి తేరుకుంటున్నప్పుడు జడ్జ్ ఫౌల్ స్తంభానికి తగిలేలా మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి ఆట తిప్పాడు. ఆ అక్టోబర్‌లో అతని సగటు .500. వరల్డ్ సిరీస్ ఓటమి చచ్చేదాకా తనతోనే ఉంటుందేమోనన్న మనిషి, తన వంతు బాకీ తీర్చేశాడు. ఆ క్యాచ్ సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదని నా మనవి.

అక్టోబర్ 8న నాలుగో ఆట, బ్రాంక్స్‌లో. ఏడో ఇన్నింగ్స్, యాంకీస్ ఒక్క పరుగే వెనక. ఒక ఔటయ్యాక రెండో బేస్ దగ్గరున్న చిజమ్‌కి బంతి వచ్చింది. శుభ్రంగా పట్టుకుంటే ఇద్దరు ఔట్, ఇన్నింగ్స్ ముగిసేది. గ్లవ్‌కి తగిలి జారిపోయింది. కోర్టెస్‌ను ఇచ్చి తెచ్చుకున్న విలియమ్స్ వచ్చాడు. నేథన్ ల్యూక్స్ సింగిల్ కొట్టాడు, ఇద్దరు ఇంటికొచ్చారు. 5-2తో సీజన్ అయిపోయింది. ఆ ఏడాది షార్ట్‌స్టాప్‌లో వోల్పీ, గాయపడ్డ భుజంతోనే ఆడుతూ, 19 తప్పులు చేశాడు.

సోటో లేక ఓడిపోయారని ఎవరైనా అంటే నమ్మకండి. అతను మెట్స్‌కి 43 హోమ్ రన్లు కొట్టాడు, మెట్స్ ప్లేఆఫ్స్‌కే రాలేదు, ఆఖరి రోజున మయామీలో ఓడి ఇంటికెళ్ళారు. ఉన్నా యాంకీస్ ఓడేవారు, 2024లో ఉన్నప్పుడు ఓడినట్టే. డాడ్జర్స్ 2025లోనూ గెలిచారు, టొరంటోతో ఏడు ఆటలాడి. యాంకీస్ ఆఖరి టైటిల్ 2009దే.